రెండు ఫ్లాట్ల వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

"మావాడికి ముప్పై నిండకముందే రెండు ఫ్లాట్లు అన్నయ్యగారూ, మీవాడు కూడా ఏదో ఒకటి చూసుకోవాలి మరి."

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఎవరో తేలలేదు. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరి నోట వినిపిస్తూనే ఉంటుంది కనుక అపౌరుషేయమని పెద్దల అభిప్రాయం. ఉచ్చారణ కాలం సాంబారుకూ పెరుగుకూ నడుమ. కూకట్‌పల్లిలోనూ కాకినాడలోనూ డల్లాస్‌లోనూ పాఠం ఒక్కటే, వంటకాలే వేరు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మన మెదక్ వైపు కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి ఆ భాగ్యం లేదు. ఈ వాక్యంలో ఉన్న మాటలకంటే లేని మాటలే ఎక్కువ. లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చి కలుపుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఇక్కడ పనంతా దానితోనే.

ప్రతిపదార్థం

మావాడికి = మా అబ్బాయికి. ఇందులో కోడలు అంతర్భూతం. ఒక్క జీతానికి బ్యాంకు అంత లోను ఇవ్వదు కనుక కోడలి జీతం కూడా చూపించి ఉంటారు. లోను కాగితాల్లో ఆమె కో-అప్లికెంట్. నెలనెలా ఈఎంఐలో ఆమెది సగం. అయినా వాక్యంలో ఆమెకు విభక్తి ప్రత్యయం కూడా దక్కలేదు.

ముప్పై నిండకముందే = ముప్పయ్యో పుట్టినరోజుకు ముందే. ఇది వాక్యానికి ఆయువుపట్టు. ఇక్కడ కాసేపు ఆగాలి.

వయసు రెండు రకాలు. పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టేది ఒకటి, మొదటి జీతం నుంచి లెక్కపెట్టేది రెండోది. బీటెక్ చివరి ఏడాదిలో క్యాంపస్ సెలక్షన్‌లో ఉద్యోగం కొట్టి ఇరవై రెండుకే జీతం అందుకున్నవాడికి ముప్పై వచ్చేసరికి సంపాదన వయసు ఎనిమిదేళ్లు. ఎంబీబీఎస్ అయ్యాక పీజీ సీటు కోసం కూర్చుని, అదీ ముగించుకుని బయటపడ్డ డాక్టరుకు అదే ముప్పైలో సంపాదన వయసు ఏడాది. అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాడికి ఆ వయసు ఇంకా మొదలే కాలేదు. ముగ్గురినీ ముప్పై అనే ఒక్క గడిలో కూర్చోబెట్టి, ఎవడెంత వెనకేశాడని అడుగుతోంది మూలం.

ఆ చివరా ఇంతే. అరవై ఏళ్లకు చేతిలో ఎంత ఉండాలి అని అడిగేవాళ్లు, ఏ ప్రభుత్వంలో అరవై అన్నది చెప్పరు. ఎన్టీ రామారావు 1983లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు దించారు. చాలామంది ఆడపిల్ల పెళ్లి ముందుంచుకుని ఇంటిదారి పట్టారు. తరవాత మళ్లీ 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 చేశారు. తెలంగాణలో 2021లో 61. అంటే ఇవాళ అరవై ఏళ్ల బెజవాడ గుమాస్తా ఇంకా జీతం అందుకుంటున్నాడు, గ్రాట్యుటీ చేతికి రాలేదు. 1983లో దిగిపోయిన గుమాస్తాగారు అదే అరవైకి పెన్షన్‌మీద అయిదేళ్లు గడిపేసి ఉన్నారు. ఇద్దరిలో ఎవరు పొదుపరి? జీవో నంబరు తెలియకుండా జవాబు చెప్పలేం.

రెండు = ఒకటి ప్లస్ ఒకటి. మొదటిదానిలో కాపురం ఉన్నారు. రెండోది ఇంకా పిల్లర్ల దశలో ఉంది. బిల్డరు చెప్పిన గడువు దాటింది.

ఫ్లాట్లు = అపార్ట్‌మెంటులో ఇళ్లు. ఇక్కడ పాఠభేదం ఉంది. కొన్ని ప్రతుల్లో "ప్లాట్లు" అని కనిపిస్తోంది. మనవాళ్ల నోట రెండూ ఒకేలా పలుకుతాయి కనుక ఏది సాధువో వినికిడిని బట్టి తేలదు. లక్షణాన్ని బట్టి తేల్చాలి: నెలకోసారి నిట్టూరిస్తే ఫ్లాటు, నెలకోసారి వెళ్లి హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూసి వస్తే ప్లాటు. చెప్పేవారు గజాల్లో కాక చదరపు అడుగుల్లో మాట్లాడారు కాబట్టి మొదటి పాఠమే గ్రాహ్యం.

ఇప్పుడు ఈ పదంలో దాగిన అంకెలు. ఫ్లాటు కోటి రూపాయలనుకుందాం. 20 లక్షలు ముందు కట్టారు, 80 లక్షలు బ్యాంకు ఇచ్చింది. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. నెలకు ఈఎంఐ 69,400 పైచిలుకు. మొదటి నెల కట్టిన దాంట్లో 56,667 వడ్డీకే పోతుంది, అసలుకు పడేది పన్నెండు వేల చిల్లర. అలా మూడేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా 25 లక్షలు కట్టాక అసలు ఎంత తగ్గిందని చూస్తే, 5 లక్షల 20 వేలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చే దస్తావేజు విలువ మీద ఏడున్నర శాతం, అంటే కోటికి ఏడున్నర లక్షలు. తగ్గిన అసలు కంటే అదే ఎక్కువ. ఫ్లాటు రేటు పెరిగింది కదా అంటారు. పెరిగి ఉండవచ్చు. కొనేవాడు వచ్చి అడ్వాన్సు ఇచ్చేదాకా అది పెరిగినట్టు చెప్పేది పక్క ఫ్లాటువాళ్లే.

ఆస్తిలోంచి అప్పు తీసేస్తే మిగిలేదాన్నే నెట్‌వర్త్ అంటారు. మూలవాక్యం ఆస్తి దగ్గరే ఆగిపోయింది, తీసివేత చేయలేదు. కనుక "ఫ్లాట్లు" తరవాత "వాటి మీద అప్పూ" అని అధ్యాహారం చేసుకోవాలి.

ముందు కట్టిన 20 లక్షలు ఎక్కడివి అన్నది ఇంకో అధ్యాహారం. నాన్నగారు ఊళ్లో పొలం అమ్మారు. పిత్రార్జితం కనుక అందులో కూతురికీ వాటా ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లవాడితో సమానహక్కు దేశమంతటా 2005లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అంతకు ఇరవై ఏళ్లు ముందే, 1985లో, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆ హక్కు ఇచ్చింది. అయినా అమ్మకం రోజున సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. అక్క ఆటో దిగి వస్తుంది, లేఖరి చూపించినచోట సంతకం పెడుతుంది, వేలిముద్రల సిరా చీరకు అంటకుండా తుడుచుకుంటుంది, ఓ పట్టుచీర పుచ్చుకుని బస్సెక్కుతుంది. తమ్ముడి నెట్‌వర్త్ ఆ మధ్యాహ్నం పెరుగుతుంది. ఎవరు ఎంత దాచారని పోల్చేవాళ్లెవరూ అక్క పక్కన తీసివేత గుర్తు పెట్టరు.

అన్నయ్యగారూ = వరస తెలియని పక్క కుర్చీ ఆయన్ని పిలిచే పిలుపు. ఇంతకంటే విశేషం లేదు.

పూర్వపక్షం

ఏ వయసుకు ఎంత ఉండాలో శాస్త్రమే ఉండగా పోల్చుకుంటే తప్పేమిటని ఒక ఆక్షేపం.

శాస్త్రం ఉన్నమాట నిజమే. రెండున్నాయి, రెండూ అమెరికావే. 1996లో థామస్ స్టాన్లీ, విలియం డాంకో తమ "ది మిలియనేర్ నెక్స్ట్ డోర్" పుస్తకంలో చెప్పిన సూత్రం ఇది: వయసును ఏడాది ఆదాయంతో హెచ్చవేసి పదితో భాగించాలి, వారసత్వంగా వచ్చింది కలపకూడదు. ఫిడెలిటీ అనే పెట్టుబడుల సంస్థ మతంలో ముప్పై ఏళ్లకు ఒక ఏడాది జీతమంత, నలభైకి మూడింతలు, యాభైకి ఆరింతలు, అరవైకి ఎనిమిదింతలు, 67కు పదింతలు ఉండాలి.

ఏడాదికి 12 లక్షలు తెచ్చుకునే ముప్పై ఏళ్లవాడిని ఈ రెండు మతాల ముందు నిలబెడదాం. మొదటివారు 36 లక్షలేవి అంటారు. రెండోవారు 12 లక్షలు చాలు అంటారు. సమన్వయం కష్టం కాదు. మొదటిది మొత్తం ఆస్తి లెక్క, రెండోది రిటైర్మెంట్ కోసం దాచుకున్నదాని లెక్క. చిక్కల్లా రెంటినీ ఒకే పట్టికలో కుట్టేసి ఫ్యామిలీ గ్రూపుల్లో పంపే బావగార్లతోనే. పైగా మొదటి సూత్రం కుర్రవాళ్ల దగ్గర బొత్తిగా పని చేయదు. ఆరు లక్షల జీతంతో ఇరవై మూడేళ్లవాడు ఇవాళ ఉద్యోగంలో చేరితే, చేరిన పూటే వాడి దగ్గర 13 లక్షల 80 వేలు ఉండాలి. ఎక్కణ్నించి తెస్తాడు? పొలం అమ్మిన డబ్బు కలపకూడదని ఆ సూత్రమే అంటోంది కదా.

మరి సగటు చూస్తే పోదా? సగటు అసలే మాయలాడి. అమెరికా ఫెడరల్ రిజర్వు మూడేళ్లకోసారి కుటుంబాల ఆస్తి అప్పుల సర్వే చేస్తుంది. 2022 సర్వేలో ఇంటిపెద్దకు 35 ఏళ్లలోపు ఉన్న కుటుంబాల నెట్‌వర్త్ సగటున 1,83,500 డాలర్లు. వాళ్లందరినీ వరసగా నిలబెట్టి సరిగ్గా నడుమనున్న ఇంటిని అడిగితే 39,000 డాలర్లే. కొద్దిమంది బాగా కలిగినవాళ్లు సగటును అంతెత్తుకు లాగేశారు. డల్లాస్ పాఠంలో వినిపించే అంకె ఎప్పుడూ మొదటి రకానిదే. అదే సర్వేలో 65 నుంచి 74 ఏళ్ల ఇళ్లలో నడుమ ఇంటి ఆస్తి 4,09,900 డాలర్లు, 75 దాటితే 3,35,600. దాచుకున్నది ముసలితనంలో ఖర్చు చేసుకోవడానికే అని ఫ్రాంకో మోదిగ్లియాని సిద్ధాంతం చేశాడు, 1985లో నోబెల్ కూడా వచ్చింది. మనవైపు పెద్దలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మోకాలి ఆపరేషన్ వాయిదా వేసి మరీ ఎఫ్‌డీ రెన్యువల్ చేయించుకుంటారు.

ఇంకొక భేదం. రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సగటు భారతీయ కుటుంబం ఆస్తిలో 77 శాతం ఇళ్లూ స్థలాలూ, 11 శాతం బంగారం. బ్యాంకు డిపాజిట్లు, పీఎఫ్, షేర్లవంటివన్నీ కలిపినా 5 శాతం. అయిదు శాతం కోసం పుట్టిన సూత్రాలను తెచ్చి డెబ్బై ఏడు శాతానికి తొడుగుతున్నాం. పట్టడం లేదని పిల్లవాణ్ని తిడుతున్నాం.

మళ్లీ ప్రతిపదార్థం

మీవాడు కూడా = ఇక్కడి "కూడా"తో పోలిక పూర్తయింది. అంతవరకూ వాక్యంలో లేని రెండో కుర్రాడు ఈ ఒక్క మాటతో తప్పుచేసినవాడయ్యాడు. వాడు నాన్న డయాలసిస్‌కు రెండేళ్లు కట్టాడా, చెల్లెలి చదువు అప్పు తీరుస్తున్నాడా, లేక నిజంగానే జల్సారాయుడా అన్నది మూలకారులు విచారించలేదు. మూడోదే అయితే వాడి తరఫున ఈ టీకాకారుడికీ చెప్పేదేమీ లేదు.

ఏదో ఒకటి = ఫలానా అని కాదు.

చూసుకోవాలి = కొనాలి.

మరి = వాక్యం అయిపోయిందనీ సంగతి అయిపోలేదనీ తెలిపే అవ్యయం.

అలంకారం

అప్రస్తుత ప్రశంస. ఇంత పేరుకు తగ్గ ఉదాహరణ లక్షణగ్రంథాల్లో కూడా దొరకదు.

తాత్పర్యం

అధ్యాహారాలన్నీ చేర్చగా: "మా అబ్బాయీ కోడలూ కలిసి, మేము అమ్మిన పొలం డబ్బూ, అందులో మా అమ్మాయి వదులుకున్న వాటా ముందు కట్టి, బ్యాంకు దగ్గర ఇరవై ఏళ్లకు అప్పు చేసి, ఒక ఫ్లాటు కొన్నారు. ఇంకొకటి ఎప్పటికి పూర్తవుతుందో తెలియదు. అవి పూర్తిగా మావాళ్లవి అయ్యేసరికి వాడికి యాభై వస్తుంది అన్నయ్యగారూ, మీవాడు కూడా ఏదో ఒకటి చూసుకోవాలి మరి."

వ్యాకరణ విశేషం

మూలంలో ప్రశ్నార్థక పదం ఎక్కడా లేదు. "ఎంత", "ఏమిటి", "ఎప్పుడు" లేవు, చివరనున్నది కూడా పూర్ణవిరామమే. ప్రశ్న కాని వాక్యానికి ప్రత్యుత్తరం విధి కాదు కనుక, మీవాడి బ్యాంకు బ్యాలెన్సు ఎంతో చెప్పవలసిన బాధ్యత మీకు లేదని ఈ టీకాకారుడి తీర్పు.