సముద్రం పక్క జిల్లాకి పోయింది

మా రోజుల్లో తూర్పు గోదావరి జిల్లాకి సముద్రం ఉండేది. నవ్వకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు రాజమండ్రి జిల్లా కేంద్రమైంది, సంతోషమే. కానీ తీరమంతా కాకినాడ జిల్లాకీ, కోనసీమకీ పోయింది. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దవాడికి ఇంటిపేరు, మిగతావాళ్ళకి పొలం దక్కినట్టు మాకు తూర్పు గోదావరి అన్న పేరు మిగిలింది. అందుకే సంక్రాంతి సెలవులకి వచ్చిన మనవలు "తాతయ్యా, సముద్రం పక్కన బొటానికల్ గార్డెన్ ఉందట, చెక్క వంతెన మీద నడుస్తారట, తీసుకెళ్ళు" అన్నప్పుడు పొరుగు జిల్లాకి ప్రయాణం కట్టాల్సొచ్చింది.

వాళ్ళు గార్డెన్ అన్నది కోరంగి మడ అడవిని! వాళ్ళ ఫోన్లలో ఏ పేరుతో కనబడిందో గానీ, మా చిన్నప్పుడు "మడలోకి పోకురా, మోకాలి లోతు దిగబడతావు" అనేవారు. ఇప్పుడు దానికి టికెట్టు.

కాకినాడ వెళ్ళడం మాత్రం అప్పట్లో ఒక పని. రాజమండ్రిలో రైలెక్కి సామర్లకోటలో దిగి, కాకినాడ బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూచుని పులిహోర పొట్లం విప్పేవాళ్ళం. మా నాన్నగారి తరమైతే ధవళేశ్వరంలో పడవెక్కి కాలవ మీద పోయేవారట. ఇప్పుడు రాజానగరం దగ్గర ఏడీబీ రోడ్డెక్కితే సరి, కాకినాడ ఎప్పుడొచ్చిందో తెలీదు. దారిలో ఏ ఊరు దాటామో మనవల్ని అడిగాను. ఒక్కడూ తలెత్తలేదు.

కాకినాడ దాటితే చొల్లంగి. అక్కడికి వెళ్ళడానికి మాకు ఒకటే కారణం ఉండేది, పుష్య బహుళ అమావాస్య. దాన్ని చొల్లంగి అమావాస్య అనే పిలుస్తాం. గోదావరి పాయ తుల్యభాగ సాగరంలో కలిసే చోట ఆ రోజు స్నానం చేసి, ఓపికున్నవాళ్ళు అక్కణ్ణుంచి సప్తసాగర యాత్ర మొదలుపెట్టేవారు. కోరంగిలో ఆత్రేయ, ఆ తర్వాత ఒక్కో పాయా చూసుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరేవారు. మా నాయనమ్మకి గోదావరి పాయలన్నీ వరసగా నోటికొచ్చు. ఆవిడ ఏ బడికీ వెళ్ళలేదు. మా పెద్దమనవడు జాగ్రఫీలో నూటికి తొంభై పైన తెచ్చుకున్నాడు. వాణ్ణి గౌతమి ఎక్కడ సముద్రంలో కలుస్తుందని అడిగితే "గూగుల్ చెయ్యనా?" అన్నాడు.

సరే, చొల్లంగి దాటి యానాం రోడ్డు మీద కోరంగి అభయారణ్యం చేరాం. బురదకి పైన చెక్క వంతెన వేశారు, చెప్పుకి మట్టంటకుండా అడవిలో షికారు చెయ్యొచ్చు. నడిచేవాళ్ళు తక్కువ, నిలబడేవాళ్ళు ఎక్కువ. నాలుగడుగులకో పెళ్ళి ఫొటోల జంట. అక్కడ పెట్టిన పేర్ల బోర్డులకి అందరూ జారబడి ఫొటో దిగుతున్నారు గానీ బోర్డు చదివినవాడు ఒక్కడు కనబడలేదు. మా మనవరాలు తిల్ల చెట్టు కొమ్మ పట్టుకుని రీలు చేస్తుంటే నా గుండె జారింది. ఆ చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని మడలో కట్టెలు కొట్టేవాళ్ళు దాని జోలికే వెళ్ళేవారు కాదు.

పడవ నడిపే ఆయన నా ఈడువాడే. మాటల్లో పడ్డాం. రాలిన మడాకొకటి ఏరి నా చేతిలో పెట్టి "నాలికకి తగిలించి చూడండి బాబూ" అన్నాడు. ఆకు మీద సన్నగా తెల్లటి పలుకులు. ఉప్పే. చెట్టు ఉప్పునీళ్ళు తాగి, అక్కర్లేని ఉప్పుని ఆకులోంచి బయటికి నెట్టేస్తుంది. కింద బురదలోంచి జానెడేసి వేర్లు ఆకాశం కేసి నిక్కి నిలబడ్డాయి. ఆ బురదలో గాలాడదు గనక మడ చెట్టు పైకి పొడుచుకొచ్చిన వేర్లతో ఊపిరి పీలుస్తుంది. ఉప్పుపొన్న చెట్టుది ఇంకో తమాషా. కాయ చెట్టునుండగానే మొలకెత్తి, పొడుగ్గా సాగి, ఊడిపడినప్పుడు నిటారుగా బురదలో దిగబడుతుంది. ఇదంతా "ఆయ్, అలాగేనండి" అంటూ ఆయన చెబుతుంటే నేనొక్కణ్ణే వింటున్నాను.

అలాగని మా రోజుల్లో అంతా బంగారమేనని అనను. అప్పట్లో మడ అంటే వంటచెరకు, గేదెల మేత, దడి కర్రలు. అడిగేవాడు లేడు, పడవల నిండా నరుక్కొచ్చేవారు. 1978లో అభయారణ్యమని ప్రకటించి 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు గీత గీశాకే కాస్త అదుపొచ్చింది. మడ గొప్పతనం జనానికి చెప్పింది మాత్రం తుఫాను. 1996 నవంబరు 6 రాత్రి మా తరంవాళ్ళు మర్చిపోగలిగింది కాదు. వెయ్యి మందికి పైగా పోయారు, కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఉంటే అలల ఉరవడి ఎంతో కొంత చచ్చి వస్తుందని అప్పుడు అందరికీ ఎక్కింది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు ఆ రోజుల్లోనే వచ్చి, చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వించి, ఎండిపోయిన నేలలోకి ఆటుపోట్ల నీళ్ళు మళ్ళించి మళ్ళీ మడ పెంచారు.

అసలు కోరంగి ఎంత పెద్ద రేవు! ఓడలు అక్కడే కట్టేవారు, జనం అక్కడే ఎక్కి రంగూన్ పోయేవారు. బర్మాలో మనవాళ్ళని కోరంగీలనేవారు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన ఊడ్చేసింది. ఆ తర్వాత రేవు కోలుకోలేదు. ఈ సంగతి వంతెన మీదే చెప్పాను. "ఐతే ఇప్పుడు టైటానిక్ ఉందా తాతయ్యా?" అన్నాడు చిన్నాడు. వాడు ఆ మాత్రమైనా విన్నాడు.

నా సణుగుడులో అసలు బాధ వేరే ఉంది. ఆ అడవి ఎవరిదనుకుంటున్నారు? మనదే. శ్రావణ భాద్రపదాల్లో కోటిలింగాల రేవులో ఎర్రగా పారే నీళ్ళున్నాయే, ఆ ఒండ్రే ధవళేశ్వరం దాటి పోయి అక్కడ నేలవుతుంది. కాకినాడకి అడ్డుగా ఉన్న హోప్ ఐలాండూ గోదావరి మేటే, గట్టిగా లెక్కేస్తే దాని వయసు రెండు వందల ఏళ్ళు. ఇప్పుడు ఎగువన ఆనకట్టలు పెరిగి ఒండ్రు తగ్గింది. ఇంకోపక్క కాకినాడలో ఇళ్ళ స్థలాల కోసం మడ నేల పూడ్చారని గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. 2027 పుష్కరాలకి రేవులన్నిటికీ రంగులేస్తాం సరే, ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో పిల్లలకి చూపించేదెవరు?

తిరుగు ప్రయాణం ద్రాక్షారామం, మండపేట మీదుగా జొన్నాడలో హైవే ఎక్కి వచ్చాం. కడియపులంకలో మొక్కల కోసం ఆగాం. మా రోజుల్లో కడియం వెళ్తే కొబ్బరి మొక్కో, మామిడి అంటో, గులాబీయో తెచ్చుకుని పెరట్లో పాతేవాళ్ళం. ఇప్పుడు పెరడేదీ? మనవరాలు బాల్కనీకి బోన్సాయ్ కొంది. దాని ధరకి మేం అప్పట్లో అరెకరం తోట వేసేవాళ్ళం.

కోరంగి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆటు వేళ కనుక్కుని మరీ వెళ్ళండి, పోటు మీదుంటే వేర్లు మునిగిపోయి ఏమీ కనబడదు. బోర్డులు పిల్లల చేత పైకి చదివించండి. తిల్ల కొమ్మ విరవనివ్వకండి. చిప్సు కవర్లు, నీళ్ళ సీసాలు బురదలో పడేయకుండా మళ్ళీ మీ కార్లోనే వెనక్కి తెచ్చుకోండి.