ఒక ఫేవికాన్ లైనుకు టీకా తాత్పర్యం

అవతారిక. బ్రౌజర్ ట్యాబులో పేజీ పేరుకు ముందు కూర్చునే చిన్న బొమ్మను ఫేవికాన్ అంటారు. జావాస్క్రిప్ట్ అప్లికేషన్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు అక్కడ ఉండేది దాన్ని కట్టినవారి గుర్తు కాదు. క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలుపెడితే రియాక్ట్ అణువు బొమ్మ, వీట్‌తో అయితే వీట్ వారి మెరుపు. అద్దెకు దిగిన ఇంటి గేటుకు పాతవాళ్ల నేమ్‌ప్లేటు వేలాడుతున్నట్టు ఉంటుంది. దాన్ని దింపి సొంతది తగిలించడానికి ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ ఫైలు హెడ్ భాగంలో రాయవలసిన ఏకపాద రచన ఇది.

మూలం.

లింక్ రెల్="ఐకాన్" హెచ్‌రెఫ్="/ఫేవికాన్.ఐకో"

ఆద్యంతాల్లోని కోణపు బ్రాకెట్లు అధ్యాహార్యాలు. ముగింపు ట్యాగు లేదేమని వెతకనక్కర్లేదు. ఈ జాతి ట్యాగులకు అది విధించలేదు.

ప్రతిపదార్థం. లింక్ = ఈ పేజీకీ బయటి ఫైలుకూ ముడి; రెల్ = ఆ ముడి ఎటువంటిదనగా; ఐకాన్ = గుర్తుబొమ్మ అనునట్టిది; హెచ్‌రెఫ్ = అది ఉండు చోటు ఏదనగా; / = సైటు మూలస్థానమందు; ఫేవికాన్ = ఆ పేరు గల; .ఐకో = ఐకో జాతి ఫైలు. (‘తెచ్చుకొనుము’ అని శేషం.)

వ్యాకరణం. ఫేవికాన్: ఫేవరిట్స్ యొక్క ఐకాన్, షష్ఠీ తత్పురుష. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో మైక్రోసాఫ్ట్ దీన్ని తెచ్చింది. ఆ బ్రౌజర్‌లో బుక్‌మార్కుల పేరు ఫేవరిట్స్. సమాసంలో ‘రిట్స్’ లోపించింది, ఐకారం ఇకారమైంది. ఏ సంధిసూత్రమూ దీనికి ఒప్పుకోదు గాని వ్యవహారం ఒప్పుకుంది. మొదట్లో పేజీని ఫేవరిట్స్‌లో దాచుకున్నప్పుడే బ్రౌజర్ ఈ ఫైలును అడిగేది. అందుకని సర్వర్ లాగులో ఫేవికాన్ అభ్యర్థనలు లెక్కబెట్టి, ఎంతమంది దాచుకున్నారో సైటువారు అంచనా కట్టేవారు.

పాఠాంతరం. కొన్ని ప్రతుల్లో ‘ఐకాన్’కు బదులు ‘షార్ట్‌కట్ ఐకాన్’ అని ఉంది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాలపు పాఠం. రెల్ విలువలో ఖాళీతో విడదీసిన మాటలు వేర్వేరు మాటలే గనుక మిగతా బ్రౌజర్లు ‘షార్ట్‌కట్’ను వదిలేసి ‘ఐకాన్’ను పట్టుకున్నాయి. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం దీన్ని చరిత్ర దృష్ట్యా సహిస్తుంది, రెండు మాటల మధ్య ఒక్క ఖాళీ మాత్రమే ఉండాలనే షరతు మీద. కొత్తగా రాసేవారు దీన్ని ఎత్తిరాయడం గతానుగతికం తప్ప మరేమీ కాదు.

అన్వయం. వాక్యంలో క్రియ లేదని చెప్పనే చెప్పుకున్నాం. చిత్రమేమంటే, వాక్యమే లేకపోయినా క్రియ జరిగిపోతుంది. హెడ్‌లో ఐకాన్ లింకు ఏదీ కనపడకపోతే బ్రౌజర్ తనంతట తానే సైటు మూలంలో ఫేవికాన్.ఐకో కోసం అడుగుతుంది. అడిగినవారు లేకపోయినా లాగులో 404లు వరసకట్టడానికి కారణం అదే. నెక్స్ట్.జేఎస్ శాఖవారు మరో మెట్టు ఎక్కారు: యాప్ ఫోల్డరులో ఆ పేరుతో ఫైలు పడేస్తే చాలు, లైనును ఫ్రేమ్‌వర్కే రాసిపెడుతుంది. మూలకర్త మూలం రాయనక్కర్లేని సంప్రదాయం ఇది.

తాత్పర్యం. ‘ఓ బ్రౌజరూ, ఈ పేజీకి గుర్తైన బొమ్మ సైటు మూలంలో ఉంది, తెచ్చి ట్యాబులో పెట్టు’ అని భావం. ఇది ప్రార్థనే గాని ఆజ్ఞ కాదు. బొమ్మ దొరక్కపోయినా పేజీ ఆగదు. చూసేవారికి ఒక్క మాటా చెప్పకుండా బ్రౌజర్ భూగోళం బొమ్మ పెట్టి ఊరుకుంటుంది. చిక్కులన్నీ ఈ మౌనం చాటునే పుడతాయి.

శంక. ఫైలు పబ్లిక్ ఫోల్డరులో భద్రంగా ఉంది, హోమ్ పేజీలో బొమ్మ కనిపిస్తోంది. లోపలికి వెళ్లి /ఆర్డర్స్/15 దగ్గర రిఫ్రెష్ కొట్టగానే మాయమైంది. నెట్‌వర్క్ ట్యాబు చూస్తే స్టేటస్ 200. బొమ్మ వచ్చినట్టా, రానట్టా?

సమాధానం. ప్రతిపదార్థంలో ఐదో పదమైన ఏటవాలు గీతను ఎవరో జారవిడిచారు. గీత లేకపోతే దారి మూలం నుంచి గాక ప్రస్తుత పేజీ నుంచి లెక్కకు వస్తుంది. హోమ్ పేజీలో రెండూ ఒకటే కనుక తప్పు బయటపడదు. /ఆర్డర్స్/15 నుంచి చూస్తే బ్రౌజర్ అడిగేది /ఆర్డర్స్/ఫేవికాన్.ఐకో. ఆ చోట ఏ ఫైలూ లేదు. ఉన్నది ఉన్నట్టు 404 వచ్చి ఉంటే ఎవరైనా పట్టేసేవారు. కాని ఏకపేజీ అప్లికేషన్ల సర్వర్‌కు ఒక నియమం పెట్టి ఉంటారు: తెలియని దారి ఏది అడిగినా ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ ఇచ్చేయమని. రూటర్ పని జావాస్క్రిప్ట్‌ది గనుక ఆ నియమం లేకపోతే నడవదు. సర్వర్ ఆ నియమం ప్రకారమే బొమ్మ అడిగినవాడికి పేజీ చేతిలో పెట్టి, 200 అని ముద్ర వేసింది. ఆ వరుస మీద నొక్కి రెస్పాన్స్ తెరిస్తే డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అనే మొదటి లైను కనిపిస్తుంది; కంటెంట్ టైప్ దగ్గర టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని ఉంటుంది. స్టేటస్ చూసి తృప్తిపడేవారికి ఈ దోషం ఎన్నాళ్లకైనా దొరకదు.

పూర్వపక్షం. అలాగైతే అన్నిచోట్లా గీత పెడితే తీరిపోతుందనవచ్చు. తీరదు. గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్టు సైటు డొమైన్ మూలంలో ఉండదు, ప్రాజెక్టు పేరుగల ఉపఫోల్డరులో ఉంటుంది. అక్కడ గీత పెడితే బొమ్మ కోసం పక్కింటి తలుపు తట్టినట్టే. వీట్‌లో బేస్ అనే సెట్టింగులో ఆ ఉపఫోల్డరు పేరు చెబితే బిల్డ్ సమయంలో అదే ముందు చేరుతుంది; క్రియేట్ రియాక్ట్ యాప్‌లో పబ్లిక్_యూఆర్ఎల్ అనే మాటను రెండు శాతం గుర్తుల నడుమ రాస్తారు. ఆంగ్యులర్ శాఖ పాఠంలో గీతే ఉండదు, అయినా అది తప్పు కాదు: హెడ్‌లో పైన బేస్ ట్యాగు ఉండి దారులన్నిటికీ మొదలెక్కడో నిర్ణయిస్తుంది.

విశేషాలు. ఐకో ఫైలు ఒక సంచి. 16, 32, 48 పిక్సెళ్ల బొమ్మలు ఒకదానిలోనే పడతాయి. ఒక్కో బొమ్మ వెడల్పు చెప్పడానికి అందులో ఒకే బైటు ఉంది, దానిలో 255కు మించి పట్టదు. అందుకని 256 అని చెప్పవలసినచోట సున్నా రాస్తారు. ముఖ్యార్థం కుదరనప్పుడు లక్షణ చేసుకోవాలన్న శాస్త్రం ఇక్కడ బైటుకు వర్తించింది. పీఎన్‌జీ ఫైలుకు ఐకో అని పేరు మార్చి పెట్టేవారూ ఉన్నారు. బ్రౌజర్లు సాధారణంగా పేరును గాక మొదటి బైట్లను చూసి జాతి పోల్చుకుంటాయి గనుక బండి నడుస్తుంది. మెచ్చుకోవలసిన పని మాత్రం కాదు. ఎస్‌వీజీ బొమ్మ ఏ కొలతకైనా సాగుతుంది, డార్క్ మోడ్‌లో రంగు మార్చుకునే నియమాన్ని తనలోనే మోసుకెళ్లగలదు. క్రోమ్ దీన్ని 2020లో 80వ వెర్షన్‌తో అంగీకరించింది. ఐఫోన్ హోమ్ స్క్రీన్‌కు ఈ లైను చాలదు, యాపిల్-టచ్-ఐకాన్ అనే వేరే రెల్‌తో 180 పిక్సెళ్ల పీఎన్‌జీ కావాలి.

కొత్త బొమ్మ పెట్టినా పాతదే కనిపించడం అందరికీ అనుభవమే. ఫేవికాన్‌కు ఫెవికాల్‌తో వ్యుత్పత్తి సంబంధం లేదు గాని గుణసామ్యం ఉంది: ఒకసారి అంటుకుంటే వదలదు. బ్రౌజర్లు ఈ బొమ్మలను విడిగా దాచుకుంటాయి. క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డరులో ఫేవికాన్స్ అనే పేరుతో ఒక డేటాబేస్ ఫైలే ఉంటుంది. హెచ్‌రెఫ్ చివర ప్రశ్నార్థకం పెట్టి ‘వీ=2’ అని చేరిస్తే బ్రౌజర్ దాన్ని కొత్త చిరునామాగా భావించి మళ్లీ తెచ్చుకుంటుంది.

ఐకాన్ అసలే వద్దు, లాగులో 404లు కూడా వద్దు అనుకునేవారు హెచ్‌రెఫ్‌లో ‘డేటా’ అని రాసి, కోలన్ పెట్టి, కామా పెట్టి ఆపేస్తారు. కామా తర్వాత ఏమీ ఉండదు. అదే బొమ్మ.