పటమెక్కించు మహానుభావులు

"మన సీమను ప్రపంచపటములో నిలిపితిమి" అను ప్రగల్భవాక్యము హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల సభావేదికలపై ఎన్నిమార్లు మారుమ్రోగినదో లెక్కించుట నా శక్తికి మించిన పని. వక్త మారును, కండువా రంగు మారును, వాక్యము మాత్రము మారదు. అంతకుమున్ను ఈ ఊళ్లు ఏ పటమునందును చోటు లేక గాలిలో వ్రేలాడుచుండెనని శ్రోతలు నమ్మవలెను కాబోలు.

1565లో రక్కసి-తంగడి పరాజయానంతరము విజయనగర రాజ్యలక్ష్మి తలదాచుకొనినది ఈ పెనుకొండ కోటలోనే. ఆ రాజ్యమునకు గుఱ్ఱములు హోర్ముజు రేవునుండి ఓడలపై దిగెడివి. గోవాలో దిగినవానిని విజయనగరమునకే అమ్మవలెనని 1547లో పోర్చుగీసువారితో ఒడంబడికయే జరిగినది. సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను బ్రతికినను చచ్చినను కొనెడివాడనియు, నడిసంద్రమున చచ్చినదాని తోక తెచ్చి చూపినచో బ్రతికినదానికిచ్చు వెలయే ఇచ్చెడివాడనియు న్యూనిజ్ అను పోర్చుగీసువాడు వ్రాసిపెట్టినాడు. ప్రపంచీకరణము 1991లో ఢిల్లీలో జన్మించెనని ఘోషించువారు ఈ తోక వృత్తాంతమును చిత్తగింతురుగాక; పారిశ్రామిక ప్రోత్సాహకములు మనకెంత సనాతనమో బోధపడును.

ఆ సంప్రదాయము అవిచ్ఛిన్నముగనే సాగుచున్నది. హిందూపురమునకు చేరువను, చిలమత్తూరు, గోరంట్ల మండలములలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అను మహాసంకల్పమునకు ఎనిమిదివేల ఎకరములకు పైబడిన భూమి ధారపోయబడినది. ఆ భూమిపై బ్యాంకుల అప్పు పుట్టినది, అప్పు వెంట దర్యాప్తులు పుట్టినవి, పుట్టనిది హబ్బొక్కటే. ఇచట తోకయైనను కానరాలేదు. ప్రపంచపటమున ఆ పల్లెల పేర్లెక్కినవో లేదో గాని, అడంగలులోనుండి రైతుల పేర్లు మాత్రము చెరిగిపోయినవి.

పెనుకొండ చేరువను ఎఱ్ఱమంచి వద్ద కొరియావారి కియా కార్ఖానా మాత్రము నిజముగనే వచ్చినదని ఒప్పుకొనక తప్పదు. ఏటికి మూడు లక్షల కార్లు చేయు శక్తితో 2019లో అది ఉత్పత్తి ఆరంభించినది. గుఱ్ఱము సజీవముగా దిగినది గనుక దానిని తోలుకొనివచ్చినదెవరను వివాదము వెంటనే చెలరేగినది: మా చలవయేయని ఒకరనగా, అప్పటికి దాదాపు పదేండ్ల క్రిందట కీర్తిశేషుడైన ముఖ్యమంత్రి ఆహ్వానమే మూలమని మరొకరు శాసనసభలో లేఖ చదివి వినిపించిరి. రహదారి ప్రక్కన కొరియా లిపిలో భోజనశాలల బోర్డులు వెలసినవి.

గుఱ్ఱమును, కారును అటుంచి, ఈ ఊళ్లను ప్రపంచముతో ముడివేయు పట్టు సంగతి యేమి? హిందూపురపు పట్టుగూళ్ల మార్కెట్టులో రైతు తెల్లవారకమున్నే వచ్చి సరకు దింపుకొని నిలుచుండగా, దారము తీయు రీలరు గుప్పెడు గూళ్లు తీసి వ్రేళ్ల నడుమ నొక్కి చూచి, పెదవి విరిచి, ఒక ధర పలుకును. ఆ ధరలో రైతు చాకిరి కొంత, మల్బరీ తోటకెక్కిన నీరు కొంత ఉండిన ఉండవచ్చును. తక్కినదంతయు చైనా దారము, మన కేంద్రప్రభుత్వము దానిపై వేయు సుంకము. 2011లో ముడిపట్టుపై దిగుమతి సుంకమును ముప్పది శాతమునుండి ఐదు శాతమునకు దించిరి. 2013లో పదునైదు చేసిరి. దించినపుడు గూళ్ల రైతు నెత్తి కొట్టుకొనెను. అదే వార్త విని, అదే జిల్లాలో, ధర్మవరపు నేతగాడు దారము చవుకయగునని ఊపిరి పీల్చుకొనెను. కాని పాపము, ఆ ఊపిరి ఎంతసేపు? చవుకదారము అతని గుంటమగ్గమునకే గాక మరమగ్గమునకును చవుకయే గదా! వారముల తరబడి కాళ్లు గుంటలో పెట్టుకొని అతడు దించిన జరీ అంచును మరమగ్గము చూచి కాపీ కొట్టి, సగము ధరకు అంగడిలో వ్రేలాడదీయును. చేనేతకు కొన్ని రకములను ప్రత్యేకించు చట్టము 1985లోనే పుట్టినదనుట నిజము. అది అల్మరాలో మడత నలగక భద్రముగానున్నదనుటయు నిజము.

ఇట్టి చోట ఓటడుగువాని సౌభాగ్యమును తలచుకొనుడు. ఈ మూడూళ్లును హిందూపురపు లోక్‌సభ నియోజకవర్గములోనివే. ఉదయము హిందూపురములో "చైనా పట్టుపై సుంకము పెంచి తీరెదను" అని బల్ల గుద్దును; చప్పట్లు. మధ్యాహ్నము పెనుకొండలో భోజనము చేసి, కార్ఖానాలో స్థానికులకే కొలువులని వాగ్దానము చేయును, ఈలలు. సాయంకాలము ధర్మవరములో "నేతన్నకు దారము చవుక చేసెదను" అని చేయెత్తి ప్రమాణము చేయును, మరల చప్పట్లు. ఉత్తరముగా పోవు ఒక్క రహదారిపై, ఒక్క దినములో, ప్రపంచ వాణిజ్యనీతిని ఇరువైపులకును త్రిప్పగలిగిన ఈ చాతుర్యము జెనీవాలో కూర్చుండు ప్రపంచ వాణిజ్య సంస్థవారికి నేటివరకును అబ్బలేదు. ఆ చప్పట్లు సద్దుమణిగినవేళ, వెనుక వరుసనుండి ఒక ముసలి నేతగాడు లేచి, "ఏం సామీ, పొద్దున హిందూపురంలో యేం చెప్తివి?" అని అడిగెననుకొనుడు, వందన సమర్పణకు మైకు అప్పటికే చేతులు మారియుండును.