మీటల మీద మొరసునాడు

ఈ కీబోర్డుకు సొంత మాట లేదు. ఎవరేం కొడితే అది మోసుకుపోవడమే దాని ఉద్యోగం. అందుకే ఆత్మకథ చెప్పుకునేటప్పుడు కూడా 'నేను' అనదు, 'ఈ కీబోర్డు' అనే అంటుంది. పుట్టినప్పుడు రంగు తెలుపు. తోక చివర గుండ్రటి ఊదారంగు పిన్ను. ఒంటి మీద ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే. అయినా హోసూరులో ఒక ఇంటర్నెట్ సెంటరు బల్ల ఎక్కిన కొద్ది రోజులకే తెలుగు, తమిళం, కన్నడం మూడూ దాని మీటల మీద పడ్డాయి.

హోసూరు తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. తమిళనాడులో 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయిన కృష్ణగిరి జిల్లాలో ఇది పెద్ద పట్నం. బెంగళూరుకు 40 కిలోమీటర్లు. మొరసునాడు అని పెద్దలు పిలిచే నేల రాష్ట్రాల గీతలు పడ్డాక ముక్కలై, కొంత కర్ణాటకలో, కొంత కుప్పం వైపు, కొంత ఇక్కడ మిగిలింది. సంతలో బేరం తమిళంలో మొదలై తెలుగులోకి దిగుతుంది, కన్నడంలో తెగుతుంది.

సాయంత్రం షిఫ్టు దిగిన సిప్‌కాట్ ఫ్యాక్టరీల కుర్రాళ్లు సెంటరుకు వచ్చేవాళ్లు. ముందు బయోడేటా, తరువాత ఆర్కుట్. 2004 జనవరిలో గూగుల్ మొదలుపెట్టిన ఆ సైటులో స్నేహితుడి పేజీలో రాసే రెండు ముక్కలను స్క్రాప్ అనేవాళ్లు. స్క్రాపుల్లో మాట తెలుగు, లిపి ఇంగ్లీషు. ఎస్సెమ్మెస్సుకూ అదే పద్ధతి, దానికో లెక్క ఉంది: ఇంగ్లీషు అక్షరాలైతే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగు లిపిలో కొడితే 70కే నిండిపోతుంది. పైసలు చూసుకునే కుర్రాడు ఏ లిపి ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. అలా కొట్టిన మాటలు తెలిసినవాడి దగ్గరికి చేరేవి. తెలియనివాడి దగ్గరికి పోయే దారి వాటికి లేదు.

ఆ దారి వెతుక్కుంటూ వచ్చినవాడు ఒక అయ్యవారు. కెలమంగలం వైపు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. చేతిలో డీటీపీ సెంటరులో కొట్టించిన కాగితాలు: కపిలతో నీళ్లు తోడడం, రాగుల కళ్లం, గంగమ్మ జాతర, పిల్లల ఆటలు. వాటిని స్కాన్ చేయించి బొమ్మలుగా నెట్‌లో పెట్టించాడు. ఎంతకాలం గడిచినా ఒక్కరూ రాలేదు. ఎలా వస్తారు? వెతుకులాట యంత్రానికి ఆ రోజుల్లో బొమ్మలోని అక్షరం కనిపించదు. పోనీ డీటీపీ ఫైలునే ఎక్కిద్దామంటే అది ఇంకో చిక్కు. ఆనాటి అచ్చు ఫాంట్లలో తెలుగు రూపం పైపై వేషమే, లోపల దాగి ఉన్నది ఇంగ్లీషు సంకేతాలు. అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి.

మందు అప్పటికే ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకంటూ 128 స్థానాల చోటు కేటాయించారు. ఒక అక్షరానికి ఒకే సంకేతం, ఏ దేశంలో తెరిచినా అదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. కాకపోతే సెట్టింగుల్లోకి వెళ్లి, సీడీ పెట్టి, భారతీయ లిపులను తట్టి లేపాలి. అంతవరకూ తెర మీద వరసగా డబ్బాలు. సెంటరు కుర్రాడు ఒక మధ్యాహ్నం ఆ పని చేసిపెట్టాక, అయ్యవారు మొదటిసారి ఈ కీబోర్డు మీద చెయ్యి వేశాడు. చూపుడువేలు ఒక్కటే, అదీ బెత్తం పట్టిన అలవాటుతో గట్టిగా.

ఆయన అదృష్టం కొద్దీ అది మంచి కాలం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనే మొదలైంది. అమెరికా తెలుగువాళ్లు నడిపే 'ఈమాట' 1998 నుంచీ వస్తోంది. 2006లో వీవెన్ 'లేఖిని'ని తయారుచేశాడు. ఇంగ్లీషు మీటల మీద తెలుగు మాటను పలికినట్టే కొడితే పక్కనే తెలుగు లిపిలో పడుతుంది. దాని లోపలి యంత్రాంగం వెన్న నాగార్జున రాసిన 'పద్మ'. ఆ ఏడాదే వచ్చిన 'కూడలి' ఇంకో ముఖ్యమైన పని చేసింది. తెలుగు బ్లాగులన్నిటి ఫీడునూ చదివి, ఎవరు కొత్తగా ఏం రాశారో ఒక్కచోట చూపించేది. పదిమంది చదువరులు కూడా లేని బ్లాగరుకు కూడలిలో టపా కనిపిస్తే చాలు, హైదరాబాదు నుంచి, డాలస్ నుంచి మనుషులు వచ్చేవాళ్లు. 2008లో ఇ-తెలుగు బృందం హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటరులో తెలుగు ఎలా రాయాలో దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పింది.

అయ్యవారి బ్లాగులో తొలి టపా పేరు 'జ్ఞాపకాలు'. కూడలి నుంచి కొందరు వచ్చారు, మర్నాడు ఆగిపోయారు. ఇంకో టపాకు 'కపిలతో బావి నీళ్లు తోడే పద్ధతి' అని పెట్టాడు. అది నెలల తరబడి నడిచింది. జ్ఞాపకాలు అని గూగుల్‌ను అడిగేవాడు హోసూరు అయ్యవారిని వెతకడం లేదు. కపిల గురించి అడిగేవాడికి మాత్రం కావలసింది ఆయన దగ్గరే ఉంది. అప్పటి నుంచి పేరు పెట్టే ముందు ఆయన ఒక నిమిషం ఆగి, ఇది కావలసినవాడు ఏ మాటలతో అడుగుతాడు అని పైకే అనుకునేవాడు. మొదటి రెండు వాక్యాల్లో ఊరిపేరు తప్పకుండా రాసేవాడు. సంబంధించిన పాత టపాకు లింకు ఇచ్చేవాడు. ఫొటో కింద అదేమిటో ఒక వాక్యం చేర్చేవాడు. బడిలో వ్యాసం నేర్పినవాడికి ఇదేమంత కొత్త విద్య కాదు.

ఇదే బల్ల మీద ఇంకో విద్య కూడా నడిచేది. సైన్‌బోర్డులు చేసే ఆపరేటరు ఒకడు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో కొట్టేవాడు. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం రూపొందించిన అమరిక అది. అందులో ఒక ధ్వనికి ఒకే మీట, లిపి ఏదైనా సరే. 'తెలుగు' అని రాయాలంటే ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ నొక్కాలి. భాషను కన్నడానికి మార్చి అవే ఆరు మీటలు నొక్కితే అదే మాట కన్నడ లిపిలో పడుతుంది. తమిళానికి మారిస్తే కొన్ని అక్షరాలు తగ్గుతాయి కాని 'క', 'త', 'ప'ల చోటు మారదు. మూడు భాషల పట్నానికి ఇంతకన్నా సరిపోయే అమరిక ఏముంటుంది? వాడు మాత్రం మీటల వంక చూసేవాడే కాదు, టీ తాగుతూ కొట్టేవాడు.

ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. కుర్రాళ్లు అంతకు ముందే ఫేస్‌బుక్కుకు పోయారు. 2016 సెప్టెంబరులో జియో రాగానే సెంటరుకు రావలసిన అవసరమే పోయింది. అద్దె కట్టలేక యజమాని సామాను అమ్మేస్తే, పాత కంప్యూటరుతో పాటు ఈ కీబోర్డు అయ్యవారింటికి చేరింది. అక్కడా పెద్దగా పని దొరకలేదు. 2017 ఆగస్టులో గూగుల్ తన మాటల టైపింగులో తెలుగును, తమిళాన్ని, కన్నడాన్ని చేర్చింది. ఫోను ముందు మాట్లాడితే చాలు, అక్షరాలు పడతాయి. అయ్యవారు వాట్సాప్ గుంపుల్లో చేరాడు. పొద్దున పెట్టిన కథకు మధ్యాహ్నానికి బోలెడు దండాలు. మూడో రోజు ఎవరైనా ఆ కథ అడిగితే వెతికి తియ్యడం ఆయన వల్లే అయ్యేది కాదు. గుంపులో మాట గుంపులోనే అడుగున పడుతుంది, బయటివాడు గూగుల్‌లో ఎంత వెతికినా దొరకదు. బ్లాగుకు దండాలు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. రెండూ కావాలని తెలుసుకుని, కథ బ్లాగులో పెట్టి, లింకు గుంపులో పంపడం మొదలుపెట్టాడు.

అప్పుడే అసలు చిక్కు బయటపడింది. లింకు తెరిచి చదవగలిగినవాళ్లు ఊళ్లోనే తగ్గిపోతున్నారు. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు. అయ్యవారి మనవరాలే ఉదాహరణ. గడగడా మాట్లాడుతుంది, తాత బ్లాగు చదవలేదు. డాలస్‌లో ఉన్నవాడు చదువుతున్నది పక్కగదిలో ఉన్న పిల్లకు అందడం లేదు.

ఆ పిల్లే బీసీఏలో చేరాక ఈ కీబోర్డును పైకి తీసింది. ఊదా పిన్నుకు యూఎస్‌బీ కన్వర్టరు తగిలించి ల్యాప్‌టాప్‌కు కలిపింది. మొదటి పని మామ మామిడితోటకు వెబ్‌సైటు. కృష్ణగిరి అంటే మామిడి, మామిడి అంటే ఇక్కడ ముఖ్యంగా తోతాపురి, బెంగళూరా అనేది. ఎక్కువ కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. ఫ్యాక్టరీ చెప్పిందే ధర. కొంత కాయనైనా నేరుగా బెంగళూరు అపార్టుమెంట్లకు అమ్ముకోవాలని మామ ఆశ.

మొదటి రూపం చూసి మామ మురిసిపోయాడు: తెర నిండా కదిలే ఫొటోలు, స్వాగతం, తోట చరిత్ర. తోటలో నిలబడి ఫోనులో తెరిస్తే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. పిల్ల ఫొటోలను కుదించింది, కదలికలు తీసేసింది. పేజీ మొదట్లోనే ఏ కాయ, ఎప్పుడు దొరుకుతుంది, పెట్టె ఎంత అన్నది. దాని కిందే నొక్కితే మోగే ఫోన్ నంబరు, వాట్సాప్ బొత్తాం, మ్యాపులో తోట గుర్తు. కొనేవాడు చూసేది ఫోనులోనే అని ఆమెకు అనుమానం లేదు. ఫోనులో సరిగా తెరుచుకునే పేజీలను ఫోను వెతుకులాటలో ముందుకు తెచ్చే పద్ధతిని గూగుల్ 2015 ఏప్రిల్‌లోనే అమలులో పెట్టింది.

కొనేవాళ్లకు ఇంగ్లీషు, కన్నడం. చుట్టుపక్కల రైతులకు తమిళం. "మరి మన తెలుగో?" అన్నాడు మామ. నాలుగు భాషలకూ నాలుగు పేజీలు వచ్చాయి. ఏ పేజీ ఏ భాషో కోడులో చెప్పాలి: తెలుగుకు టీఈ, తమిళానికి టీఏ, కన్నడానికి కేఎన్. అది చెబితేనే చూపులేనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేరు సరైన గొంతు ఎంచుకుంటుంది. గూగుల్ ఫాంట్లలో దొరికే తెలుగు అక్షరాల్లో మండలి, రామభద్ర, గురజాడ, పెద్దన అన్నీ పెట్టి చూసింది. ఇంగ్లీషు పేజీకి సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలలేదు. 'కృష్ణగిరి' అన్న మాటలోనే కింద వట్రసుడి, పక్కనే ణవత్తు, రెండూ కింది వరుసకు తగులుతున్నాయి. చదవడం రాని పిల్ల కదా, తప్పు ఆమెకు కనబడలేదు. తాత కళ్లద్దాలు సవరించుకుని, "కాళ్లు తెగినాయే" అన్నాడు. ఆ సాయంత్రం వరుసల ఎడం పెరిగింది, ఆమె గుణింతం కూడా మొదలైంది.

2024 జూన్‌లో ఇంటిల్లిపాదీ ఒకే క్లిప్పు చూశారు. కృష్ణగిరి నుంచి లోక్‌సభకు గెలిచిన కె. గోపీనాథ్ ప్రమాణస్వీకారం తెలుగులో చేశాడు. మూడుసార్లు హోసూరు ఎమ్మెల్యేగా చేసిన మనిషి తెలుగు మాట్లాడడం ఊళ్లో వార్త కాదు. కాని తమిళనాడు ఎంపీ నోట తెలుగు అనగానే ఆ ముక్క ఫోన్లన్నీ చుట్టేసింది. హోసూరులో తెలుగువాళ్లుంటారా అని ఆశ్చర్యపోయినవాళ్లు ఎందరో. ఏళ్ల తరబడి అయ్యవారు టపాలు రాసి చెబుతున్న సంగతిని ఆ చిన్న క్లిప్పు ఒక్క పూటలో చెప్పేసింది. అయితే క్లిప్పు చూసి, హోసూరు తెలుగువాళ్లు ఎవరు, ఎప్పటి నుంచి ఉన్నారు అని వెతికినవాడికి చదవడానికి ఏదో ఒకటి దొరకాలి గదా. మనవరాలు ఆ వారమే తాత పాత టపాలను దుమ్ము దులిపి కొత్త సైటులోకి ఎక్కించింది, ఒక్కోదానికి ఆయన గొంతుతో చదివిన రికార్డు జత చేసింది. చదవలేని తెలుగువాడు కూడా చదువరే అని ఆమె లెక్క. ఆ లెక్క తన గురించి వేసుకున్నదే.

కొత్త కథలను తాత ఫోనుకు చెబుతాడు, ఫోను అక్షరాలు చేస్తుంది. ఇక్కడే ఈ కీబోర్డుకు మళ్లీ చేతినిండా పని దొరికింది. ఫోను నేర్చుకున్నది పత్రికల తెలుగు. మొరసునాటి మాటను అది విన్నట్టే విని తనకు తెలిసిన మాటగా మార్చేస్తుంది. రికార్డులో ఒకటి వినిపిస్తే పేజీలో ఇంకొకటి ఉంటుంది. వరుస వరుసా సరిచేయాలి. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుంటారు, కొట్టేది మనవరాలు. ఇప్పుడు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంది. ఆమె వేళ్లు తాత వేళ్లంత బరువు కావు, కాని జీ మీట మీది అక్షరం వీళ్లిద్దరి మధ్యా పూర్తిగా అరిగిపోయింది.

"తాతా, 'ఊళ్లో బావి ఉంది' అని పడింది. సరే కదా?"

"నేనేమన్నా?"

"బాయి ఉండాది అన్నావు."

"మరి అదే కొట్టు."

"చదివేవాళ్లు తప్పనుకోరా?"

"డాలసోడు అనుకుంటే అనుకోనీ. అవ్వకు వినిపిస్తే ఆమె ఏది సరంటుందో అడిగి రా, పో."