నాలుగోది మొదటిది, ఒకటోది నాలుగోది

మా మనవడు సెలవులకొచ్చాడు. వచ్చీ రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టి, "తాతయ్యా, స్టార్ వార్స్ సినిమాలన్నిటికీ ర్యాంకులిచ్చాను, చూడు" అన్నాడు. ర్యాంకులట! ఎంసెట్ రాసిన పిల్లలకిస్తారు గానీ సినిమాలకేమిట్రా ర్యాంకులు? 1977 నుంచి 2019 దాకా నలభై రెండేళ్ళు తీసిన పదకొండు సినిమాలను ఈ మహానుభావుడు ఒక శనాదివారాల్లో, నూడుల్స్ తింటూ, బోరు కొట్టిన చోటల్లా ముందుకు తోసుకుంటూ చూసేసి తీర్పు చెప్పేశాడు.

ఒరే మనవడా, మా రోజుల్లో ఒక్క సినిమా చూడటానికే ఎంత కథ నడిచేదో నీకేం తెలుసు. అమెరికాలో ఆ మొదటి సినిమా 1977 మే 25న వచ్చింది. అక్కడే ముందు నలభై హాళ్ళయినా దొరకలేదట, నడుస్తుందన్న నమ్మకం ఎవరికీ లేక. ఇక మా బెజవాడకి అది పెళ్ళయ్యాక వచ్చిన శుభలేఖలాగా తీరుబడిగా వచ్చింది, అదీ మార్నింగ్ షోకి. ఇంగ్లీషు సినిమాలకి అప్పట్లో పొద్దుటాటే గతి. మా బావా నేనూ ఒకే సైకిల్ మీద బయల్దేరితే ఏలూరు రోడ్డు మీద చైను ఊడింది. బావ చైను ఎక్కించి, నల్లబడ్డ చేతులు నా చొక్కాకి తుడిచి, హాల్లోకి తోసుకెళ్ళేసరికి తెర మీద తెల్ల డొప్పల సైనికులు కాల్చుకుంటున్నారు. పసుపు అక్షరాలు పైకి పాకుతూ అంతకుముందు జరిగిన కథ చెబుతాయన్న సంగతి నాకు చాలా ఏళ్ళ దాకా తెలీదు. అయితేనేం, కథ తెలియకుండా చూసిన సినిమాకి వంద మార్కులేశాను. నీ జాబితాలో దానికి మూడో ర్యాంకు! "స్లోగా ఉంది తాతయ్యా" అంటావు. స్లోగా ఉండబట్టేరా, ఆ ఎడారిలో రెండు సూర్యుళ్ళు అస్తమిస్తుంటే కుర్రాడు నిలబడి చూసే ముక్క ఇంకా నా కళ్ళల్లో ఉంది. ఇప్పటివాళ్ళయితే ఆ రెండు సూర్యుళ్ళనీ పేల్చేసేవాళ్ళు.

కత్తుల సంగతి చెప్పాలి. కత్తి కాంతారావు చేతిలో ఖణేల్ ఖణేల్‌మనే కత్తులకు అలవాటుపడ్డ చెవులు మావి. ఇక్కడేమో ట్యూబులైటు పట్టుకుని తిప్పుతున్నట్టు, ఝుమ్మని ఒకటే రొద. మాది నేల టికెట్టే అయినా, ఎక్కడో వెనకున్న ప్రొజెక్టర్ గదిలోంచే ఆ రొద వస్తోందనుకుని బావ వెనక్కి తిరిగి "ఆపరేటరూ, మిషన్ చూసుకో" అని అరిచాడు. హాలంతా నవ్వారు. ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది, శబ్దాల మనిషి బెన్ బర్ట్ ఆ కత్తి చప్పుడు తయారుచేసింది నిజంగానే సినిమా ప్రొజెక్టర్ మోటారు రొదకి టీవీ గొట్టం గుర్రుమనే శబ్దం కలిపేనట. మా బావ అప్పుడే కనిపెట్టేశాడు. బర్ట్‌కి ఆస్కార్ ఇచ్చారు, మా బావకు మేనేజర్ చేత చీవాట్లు పెట్టించారు.

రెండోది 1980 నాటిది, ఇర్విన్ కెర్ష్‌నర్ తీసింది. దీన్ని నువ్వూ మొదట్లోనే పెట్టావు. బతికిపోయావు, లేకపోతే ఇంట్లో భోజనం ఉండేది కాదు. అందులో ఆ నల్ల ముసుగువాడు కుర్రాడి చెయ్యి నరికి, నేనే నీ తండ్రినంటాడు చూడు, ఆ గుట్టు ఎంత భద్రంగా దాచారంటే, ముసుగులో నటించిన డేవిడ్ ప్రౌస్‌కి కూడా షూటింగులో వేరే మాట ఇచ్చి చెప్పించారు. అసలు మాట తర్వాత జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతుతో కలిపారు. ఇప్పుడో? ట్రైలర్లో సగం చెప్పేస్తారు, మిగతా సగం నీలాంటివాడు భోజనాల దగ్గర చెప్పేస్తాడు. లోకమంతా నోరు తెరిచిన ఆ క్షణంలో మేం నోరు తెరవలేదు. ధైర్యం కాదు, ఆ ఇంగ్లీషు మాకు అందలేదు. "ఏమన్నాడ్రా" అనడిగితే "అప్పు తీర్చమంటున్నాడు" అన్నాడు బావ. చెయ్యి నరికి అప్పడగటమేమిటని నాకు అనుమానం వచ్చింది గానీ, మా ఊళ్ళో అంతకంటే దారుణంగా అడిగేవాళ్ళున్నారు కాబట్టి నమ్మాను. వారం తర్వాత మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరరుగారు అసలు సంగతి చెబితే ఇద్దరం మళ్ళీ వెళ్ళి, ఆ ఒక్క ముక్క కోసం రెండోసారి చూశాం. లవకుశ చూసి పెరిగినవాళ్ళం, తండ్రీకొడుకుల యుద్ధం మాకు కొత్తా? అయినా ఒళ్ళు జలదరించింది.

మూడోదానికి మూడేళ్ళు ఆగాం. నిన్ను మూడు నిమిషాలు ఆగమంటే మొహం మాడ్చుకుంటావు. 1983లో వచ్చిన ఆ సినిమాలో ఎలుగుబంటి పిల్లల్లాంటి బొమ్మలు రాళ్ళు విసిరి సామ్రాజ్యాన్ని కూలదోస్తాయి. నువ్వు దీన్ని ఆరులో పెట్టి "పిల్లల సినిమా" అని రాశావు. అవునులే, ఆ రాజకుమారి కుర్రాడికి చెల్లెలని తేలినప్పుడు బావ "రామ రామ" అని చెవులు మూసుకున్నాడు. కిందటి సినిమాలో ఆ పిల్ల వాణ్ణి ముద్దుపెట్టుకుంది మరి! కథ రాసుకుంటూ పోయారు తప్ప ముందే అనుకుని చెయ్యలేదని అక్కడే తెలిసిపోతుంది. అయినా ముసుగు తీసిన ఆ తండ్రి మొహం చూసి ఏడ్చాను. బావ కూడా ఏడ్చాడు, జలుబన్నాడు.

ఆ తర్వాత ఈ కథలన్నీ పుట్టించిన జార్జ్ లూకాస్‌కి బుద్ధి మారింది. 1997లో పాత సినిమాలు మూడూ బయటికి తీసి, కంప్యూటర్ బొమ్మలు అతికించి, మొదటి సినిమాలోని ఒక కాల్పుల ముక్కలో ఎవరు ముందు కాల్చారో కూడా మార్చేశాడు. అమ్మ పెట్టిన ఆవకాయలో ఎవరో పంచదార కలిపినట్టు. 1999లో ఒకటో భాగమంటూ నాలుగో సినిమా తీశాడు. తాత బారసాలకి మనవణ్ణి పిలిచినట్టుంది ఈ లెక్క. అందులో జార్ జార్ అనే ఒక నాలుకజీవి ఉంది, దాని ఊసెత్తకు. 2002 నాటి దాంట్లో యోడాని, ఫ్రాంక్ ఆజ్ చేతిమీద ప్రాణం పోసుకున్న ఆ చక్కటి బొమ్మని, కంప్యూటర్లోకి తోసి గంతులేయించారు. కర్ర పట్టుకు నడిచే ముసలాడు కర్ర పారేసి గిరికీలు కొడితే నువ్వు ఈల వేశావు. నాకు మోకాళ్ళు సలిపాయి.

2012లో డిస్నీవాళ్ళు నాలుగు వందల కోట్ల డాలర్లు పోసి దుకాణమంతా కొనుక్కున్నారు. ఆ తర్వాతవి ఒక్కొక్కటీ చెప్పే ఓపిక లేదు. 2019 నాటిది పాతిపెట్టిన గేదె మళ్ళీ లేచొచ్చినట్టు చచ్చిన విలన్ తిరిగొచ్చే సినిమా. దాన్ని అట్టడుగున పెట్టావు, సరే. కానీ 2017 నాటిదాన్ని తొమ్మిదిలో పెట్టావే, అక్కడే మనిద్దరికీ చెడింది. అందులో యోడా మళ్ళీ బొమ్మగానే వచ్చాడు, వెనక అదే ఫ్రాంక్ ఆజ్. ముసలాళ్ళ మీద జాలిపడ్డ సినిమాని నేను కిందికి పోనివ్వను.

నేను ర్యాంకులివ్వనన్నానా? క్యాలెండరు వెనక 1983 నుంచీ రాసుకుంటున్న కాగితం ఒకటుంది, ఇప్పటికి పద్నాలుగు కొట్టివేతలు. మీ అమ్మమ్మ చూపించింది గదా, ఇక దాచేదేముంది. రెండోది మొదట, మొదటిది రెండు, ముసలి యోడా ఉన్న 2017దీ, ఎలుగుబంటి పిల్లల 1983దీ మూడో స్థానంలో కలిసి కూర్చుంటాయి. నువ్వు ఒప్పుకోకపోతే ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ చూసి తేల్చుకుందాం. బావని కూడా పిలిచాను, ఆటోలో వస్తానన్నాడు. ఫోన్ ఆ గదిలో పెట్టి, రెండింటికల్లా వచ్చి కూర్చో. ఈసారి పసుపు అక్షరాలు దాటిపోకూడదు.