నా ఒంటి మీద మీ పేర్లు

నేను గుర్రంకొండ కోటగోడను. మదనపల్లె నుంచి బస్సులో వస్తుంటే బండకొండ నెత్తిన పాగా చుట్టినట్టు కనిపించేది నేనే. నన్ను మొదట కట్టిందెవరు, తర్వాత ఎత్తు పెంచిందెవరు అంటే నాకే తికమక. గోల్కొండ సుల్తానులు, కడప నవాబులు, మరాఠాలు, హైదర్ అలీ... చేజిక్కించుకున్న ప్రతివాడూ ‘ఇక ఇది నాది’ అన్నాడు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఈ కొండకు ఒక గుర్రం కాపలా ఉండేదని, అది ఉన్నన్నాళ్లూ కోట పడదని ఊళ్లో కథ చెబుతారు. గుర్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఎండకూ వానకూ నిలబడి కాపలా కాసింది మాత్రం నేను.

హైదర్ తన బావమరిది మీర్ రజా అలీ ఖాన్‌ను ఇక్కడ అధికారిగా పెట్టాడు. ఆయన మక్బరా ఇప్పటికీ కింద ఉంది. హైదర్ కొడుకు టిప్పు కాలంలో, 1791లో, మూడో మైసూరు యుద్ధం నా గుమ్మం ముందుకే వచ్చింది. నిజాం సైన్యం చుట్టుముట్టింది. కెప్టెన్ రీడ్ అనే దొర ఈస్టిండియా కుంపిణీ ఫిరంగులు వెంటబెట్టుకొచ్చాడు. నవంబరులో కింది కోట పోయింది. పైకోట దక్కనివ్వలేదు నేను! కొద్ది వారాలకే టిప్పు పెద్ద కొడుకు ఫతే హైదర్ హఠాత్తుగా వచ్చిపడి కింది కోటను మళ్లీ లాక్కున్నాడు. నిజాం సేనాని హాఫిజ్ ప్రాణం ఆ దెబ్బకే పోయింది.

1799లో శ్రీరంగపట్నంలో టిప్పు నేలకొరిగాడు. పంపకంలో నేను నిజాం వాటాకు వెళ్లాను. మరుసటేడే ఆయన పటాలం ఖర్చుల కింద దత్త మండలాలతోపాటు నన్నూ కుంపిణీకి రాసిచ్చేశాడు. ఫిరంగికి లొంగనిదాన్ని, లెక్కల పుస్తకానికి లొంగాను.

అప్పట్నుంచి నాకు పని లేదు. పని లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు? రాళ్ల సందుల్లో రావిమొక్క మొలిచి, వేరు లావెక్కి, ఒక్కో వరుసనూ బయటికి తోస్తోంది. వానాకాలంలో ఒక రాయి దొర్లితే దాన్ని తిరిగి పెట్టే చెయ్యి లేదు. గుప్తనిధుల పిచ్చోళ్లు రాత్రిపూట గడ్డపారలతో వస్తారు. నా కాళ్ల కింద తవ్వి, ఏమీ దొరక్క, గుంటను అట్లే వదిలి పోతారు. బంగారమే ఉంటే నిజాం వదిలేవాడా?

పగటిపూట వచ్చేవాళ్లు ఇంకో రకం. కింద రంగినీ మహల్ దగ్గర ఫొటోలు దిగి, ఓపికున్నవాళ్లు పైకెక్కుతారు. ఆమధ్య బి.కొత్తకోట నుంచి కొందరు పిల్లకాయలు వచ్చారు. బిర్యానీ పొట్లాలు విప్పి తిన్నారు, కాగితాలు గాలికి వదిలారు. ఒకడు బురుజుకు ఆనుకుని, బైకు తాళంచెవితో తన పేరు, పక్కన ఇంకో పేరు, మధ్యలో బాణం గుర్తు చెక్కాడు. గచ్చు పొడి రాలుతుంటే ఉఫ్‌మని ఊదాడు కూడా. రెండోవాడు విసుగ్గా, “ఏముండాదిరా ఈడ? అన్నీ రాళ్లే. పదండి, హార్సిలీ హిల్స్‌కు పోదాం” అన్నాడు. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. వేసవికి చల్లగా ఉంటుందని అక్కడ ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరు హార్సిలీ పేరు దానికి నిలిచిపోయింది. నా కోసం చచ్చినవాళ్లలో ఒక్క సిపాయి పేరైనా ఇక్కడ లేదు. ఆ బాణం గుర్తు పేర్లున్నాయి.

నా తోటివాళ్లు మాత్రం బాగుపడ్డారు. టిప్పు కొయ్యపులి లండన్‌లో అద్దాల పెట్టెలో కూర్చుంది. మైసూరు అగ్గిబాణాలను చూసి ఇంగ్లండులో కాంగ్రీవ్ సొంత రాకెట్లు తయారుచేశాడు. 2018లో శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబావిలో వెయ్యికి పైగా అగ్గిబాణాలు బయటపడితే లెక్కపెట్టి మ్యూజియానికి చేర్చారు. బావిలో పడ్డవాటికి ఆ యోగం పట్టింది. కళ్లెదుట నిలబడ్డదాన్ని, నన్నెవరు వెతుకుతారు?

చంద్రగిరి కోట రాజమహల్‌లో ఉన్నట్టు నాకు మ్యూజియమే కావాలని పంతం లేదు. మెట్ల మొదట్లో ఒక పలక పెట్టి, 1791లో ఇక్కడ ఏం జరిగిందో తెలుగులో నాలుగు ముక్కలు రాయించండి చాలు. అది రాయించే అధికారం మీకు లేదంటారా? సరే, పైకి ఎక్కినప్పుడు తాళంచెవి జేబులోనే ఉంచుకోండి. తిన్న కాగితాలు వెంట తీసుకుపొండి.