బాయిలరు జ్వర నిదానం

చలిదేశాలలో ఇంటి అడుగున ఒక బాయిలరును ఉంచి, అందులో కాగిన నీటిని మోటారు సాయంతో గొట్టాల గుండా గదిగదికీ తిప్పి, గోడలకు బిగించిన ఇనుప పలకల ద్వారా ఇల్లంతా వెచ్చబరిచే ఏర్పాటును సెంట్రల్ హీటింగ్ అంటారు. కడప జిల్లాలో ఈ బాధ్యతను సూర్యభగవానుడు బిల్లు పంపకుండా నిర్వహిస్తున్నాడు కనుక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో దానికోసం ఎవరూ ఖర్చు పెట్టుకోలేదు. అయినా బాయిలరు మితిమీరి కాగడమనే రుగ్మత ఈ ప్రాంతానికి కొత్తది కాదు. స్నానాల గది చుట్టూ తిరిగే ఆ రుగ్మత రాగిది, కరెంటుది, మిద్దె మీదిది అని మూడు విధాలు.

రాగి బాయిలరులో మధ్యన నిలువు గొట్టం, చుట్టూ నీళ్లు ఉంటాయి. గొట్టంలో బొగ్గులో కట్టెపుల్లలో వేసి నిప్పు పెడితే, పొగ పైకి పోతూ పోతూ నీళ్లను కాచిపోతుంది. వేడి ఇక చాలునని గ్రహించి మంటను నిలిపే పరికరం అందులో లేదు; ఆ పనిని ఇంటి జేజి "చాలు గానీ, ఇంక ఎగదోయొద్దండి" అనే ఒక్క కేకతో నెరవేర్చేది. ఆ కేకకు కరెంటు అక్కరలేదు, విడిభాగాలు అక్కరలేదు, అది సరిగా పని చేయడం లేదని చెప్పే ధైర్యం కోడళ్లకు ఉండేది కాదు.

గీజరు వచ్చాక జేజి ఉద్యోగాన్ని థర్మోస్టాటుకు అప్పగించారు. నీరు నిర్ణీతమైన వేడికి చేరగానే కరెంటును తెంచి, చల్లారగానే మళ్లీ కలిపే మీట ఇది. ఇది విధి మరచిన రోజున సరఫరాను పూర్తిగా ఆపేసి, ఎవరైనా వచ్చి బొత్తాం నొక్కేదాకా అలిగి కూర్చునే రెండో కాపలాదారు పేరు కటౌటు. ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1,650 మెగావాట్ల సామర్థ్యానికి ఆవిరి కాచే బాయిలర్లను ఇంజనీర్లు రాత్రింబవళ్లు కనిపెట్టి ఉంటే, ఇంటి బాయిలరుకు ఈ ఇద్దరే దిక్కు. 2,000 వాట్ల గీజరు 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు సుమారు 18 నిమిషాలలో చేరుస్తుంది. థర్మోస్టాటు లోపలి కొసలు అతుక్కుపోయి, కటౌటు కూడా మొరాయిస్తే, మరో 21 నిమిషాలకు అదే నీరు మరుగుతుంది. బంగారాన్ని మిల్లీగ్రాముల లెక్కన తూచే ప్రొద్దుటూరులో సైతం స్నానపు నీళ్ల వేడిని వేలు పెట్టే కొలుస్తారు గనుక, ఈ లోపం మొదట వేలికి, ఆ తరువాతే మెకానిక్కుకు తెలుస్తుంది.

రోగమూలం మాత్రం నేలలో ఉంది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను వర్గీకరిస్తూ, సున్నపురాయి ఉన్న ఒక పొరల వరుసకు జమ్మలమడుగు పేరే పెట్టాడు; ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఆ వరుసలోవే. అలాంటి రాళ్ల సందుల్లో ఊరే బోరునీరు సున్నాన్ని కరిగించుకుని వస్తుంది. పులివెందుల వైపు వేంపల్లె డోలమైటు రాయి దానికి మెగ్నీషియాన్ని కూడా జతచేస్తుంది. నీరు కాగినప్పుడు ఆ సున్నం కరిగి ఉండలేక, గీజరులో నీటిని కాచే కాయిలు మీద పొలుసుగా గట్టిపడుతుంది; రాతి కవచం లోపల కాయిలు ఎర్రగా ఉడికిపోతుంటే బయటి నీళ్లు తీరిగ్గా కాగుతాయి, థర్మోస్టాటు గొట్టానికీ అదే పొలుసు పడితే నీటి వేడి దానికి ఆలస్యంగా చేరుతుంది. మెకానిక్కు మూత విప్పి పెచ్చులు రాలగొడుతున్నప్పుడు, అవి తన కాళ్లకింది బండకు దాయాదులని ఇంటాయన గుర్తించడు. బండను డబ్బిచ్చి వేయించుకున్నాడు, పెచ్చులు ఉచితంగా వచ్చినందుకు తీయించడానికి డబ్బిస్తున్నాడు.

నిదానంలో శాఖాభేదం ఉంది. ప్లంబరు లోపం కరెంటులో ఉందనీ, ఎలక్ట్రీషియను నీళ్లలో ఉందనీ తేలుస్తారు. ఇద్దరూ నిజమే చెప్పి వెళ్లిపోవడం వల్ల గీజరు యథాతథంగా ఉంటుంది. వీరిద్దరికన్నా ప్రమాదకరమైన వైద్యుడు గృహస్థు. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు నీటిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు చుక్కలు కారుస్తోందని అతడు దానికి బిరడా కొడతాడు. చెంబెడు నీళ్లు మిగిల్చి గోడను పోగొట్టుకునే మార్గం ఇదొక్కటే. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, తెలిసినవారి చేత పొలుసు తీయించి, చెడిన థర్మోస్టాటును మార్పించడమే సరైన క్రమం. కటౌటు బొత్తాన్ని మళ్లీ మళ్లీ నొక్కడం చికిత్స కిందికి రాదు.

మిద్దె మీది బాయిలర్లలో సోలారు హీటరుకు గౌరవస్థానం ఉంది. గాజుగొట్టాలలో వేడెక్కి తేలికైన నీరు తనంతట తాను పై తొట్టికి ఎక్కుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. ఆపడానికి స్విచ్చి లేదు కనుక, వేడినీళ్లు ఎవరికీ అక్కరలేని మే నెలలో గొట్టాల మీద గోనెపట్టా కప్పడమే దాని థర్మోస్టాటు. దాని పక్కనుండే నల్ల ప్లాస్టిక్ ట్యాంకుకు బాయిలరు అనే హోదా లేకపోయినా, ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం చన్నీళ్ల కుళాయిలోకి చెయ్యి కాలే నీళ్లను పంపుతుంది.

దీనికి విరుగుడు, జిల్లా నుంచి ఎందరో వలసపోయే కువైట్‌లోనూ వాడుకలో ఉన్నదే: రాత్రి చల్లబడిన నీటితో గీజరు నింపి, స్విచ్చి ఆపేయాలి. ఎండ తగలని గదిలో, చుట్టూ ఫోము కప్పిన తొట్టిలో ఆ నీరు కాగకుండా ఉంటుంది కనుక, మిట్టమధ్యాహ్నం వేడినీళ్ల కుళాయి తిప్పినవారికి కనీసం ఒక బకెట్టు చన్నీళ్లు దక్కుతాయి. వేడి చేయడానికి కొన్న యంత్రం వేసవి పొడుగునా పైసా కరెంటు తినకుండా ఈ సేవ చేస్తుంది; వారంటీ కాగితంలో దాని ప్రస్తావన లేదు కనుక, నీళ్లు చాలినంత చల్లగా రాలేదని కంపెనీకి ఫిర్యాదు చేయడానికి మాత్రం వీలుండదు.